మే పెళ్లిరోజు, అక్టోబరు సైకిల్ ప్రయాణం

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, వయసు 46. మావారికి 49, ప్రైవేటు ఉద్యోగం. 2027 మే నెలలో మా పెళ్లికి పాతికేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా న్యూజిలాండ్ వెళ్లి, ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్‌లో (పాత రైలు దారిని సైకిల్ బాటగా మార్చారు) సైకిల్ తొక్కాలని కోరిక. వేసవి సెలవులు కాబట్టి మే అయితే వీలు. ఇంకా 15 నెలలుంది. ఒక ట్రావెల్స్ వాళ్లు ఇద్దరికీ 8.6 లక్షలన్నారు. మాకు నెలకు 25 వేలు మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 1.5 లక్షలు, అత్యవసరానికి ఎఫ్‌డీలో 3 లక్షలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్ సిప్‌ల ద్వారా కూడిన 9 లక్షలు అమ్మాయి ఇంజినీరింగ్ కోసం. ఆమె ఇప్పుడు పదో తరగతి. మావారు ట్రావెల్ లోన్ తీసుకుందామంటున్నారు. నేను చిట్టీ వేద్దామంటున్నాను. సిప్‌లోంచి కొంత తీసి తర్వాత నింపుకోవచ్చా? డీఏ బకాయిలు కూడా రావాల్సి ఉంది.

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు నాలుగు దారులు అడిగారు. అంతకంటే ముందు తేలాల్సింది తేదీ. మే నెల మీకు సెలవులు, నిజమే. భూమధ్యరేఖకు అవతల మాత్రం అది శీతాకాలం తలుపు తట్టే సమయం. పైగా ఈ ట్రైల్ సముద్రానికి దూరంగా, ఆ దేశంలో బాగా చలి పడే ప్రాంతాల్లో ఒకదాని గుండా పోతుంది. మే నెలాఖరుకు పొద్దున్నే మంచు గడ్డకట్టి ఉంటుంది, పగలు పొట్టిది, దారిలోని బసలు కొన్ని చలికాలానికి మూసేస్తారు. 8.6 లక్షలు ఖర్చు పెట్టి వణుక్కుంటూ సైకిల్ తొక్కమని నేను చెప్పలేను.

సంక్రాంతికి వెళ్తే అక్కడ నడివేసవి. కానీ సెలవులు తక్కువ, వాళ్లకూ అదే సీజన్ కాబట్టి ధరలు ఎక్కువ. మిగిలింది దసరా. 2027లో దసరా అక్టోబరు 9న వస్తుంది. అక్కడ వసంతం, పగటి పొద్దు పెరిగే కాలం. రాత్రి చలి ఉంటుంది, గాలి ఉంటుంది, అయినా తొక్కగలరు. పెళ్లిరోజు మేలో ఇంట్లో చేసుకోండి, ప్రయాణం అక్టోబరుకు జరపండి. అప్పుడు 15 నెలలు కాస్తా 20 నెలలవుతాయి. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఆ ఐదు నెలల్లోనే ఉంది. సద్దుల బతుకమ్మకు మాత్రం మీరు ఊళ్లో ఉండరు. ఓరుగల్లు ఆడపడుచుకు అది ఎంత నష్టమో నా లెక్కలో వేయలేను, మీరే తూచుకోండి.

ఇక ఖర్చు. ఆ ప్యాకేజీ కాగితం మీరు జత చేశారు. అందులో ఆక్లాండ్, రోటొరువా, క్వీన్స్‌టౌన్ అన్నీ ఉన్నాయి, ట్రైల్ మీద సైకిల్ మాత్రం రెండు రోజులే. మీరు అడిగింది వేరు, వాళ్లు అమ్ముతున్నది వేరు.

ట్రైల్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్ దాని మీదే ఆధారపడుతుంది. డునెడిన్ దగ్గర నుంచి లోపలి ఊళ్లకు రైలు మార్గం పని 1879లో మొదలైంది. మిడిల్‌మార్చ్ చేరేసరికి 1891, క్లైడ్ చేరేసరికి 1907. రోడ్లు, లారీలు వచ్చాక రైలుకు పని తగ్గింది, 1990లో ఈ భాగాన్ని మూసేశారు. పట్టాలు తీసేసి, కంకర పరిచి, వంతెనలు బాగుచేసి 2000లో సైకిళ్లకూ నడకకూ తెరిచారు. క్లైడ్ నుంచి మిడిల్‌మార్చ్ వరకు 152 కిలోమీటర్లు. బొగ్గు ఇంజన్ లాగలేనంత ఎత్తు ఎక్కడా పెట్టరు కదా, అందుకే చడావు మెల్లగా, తెలిసీ తెలియనట్టుగా ఉంటుంది. అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 618 మీటర్లు. పూల్‌బర్న్ లోయలో 37 మీటర్ల ఎత్తున రాతి స్తంభాల వంతెన, దాని దగ్గరే రెండు సొరంగాలు. సొరంగాల్లో దీపాలుండవు, టార్చి కావాలి. మధ్యలో ఒమకావ్, ఒటురెహువా, రాన్‌ఫర్లీ లాంటి చిన్న ఊళ్లు. ఒకప్పటి రైలు స్టేషన్ల వెంటే పుట్టిన ఊళ్లు కాబట్టి తిండికీ పడకకూ ఇబ్బంది ఉండదు. 49 ఏళ్ల మనిషి మోకాళ్ల గురించి మరీ భయపడక్కర్లేదు. భయముంటే ఈ-బైక్ అద్దెకు దొరుకుతుంది, దాని అద్దె మామూలు సైకిల్ కంటే బాగా ఎక్కువ.

ఈ దారి మీద తిరగడానికి టికెట్ లేదు. ఇది గుర్తుంచుకోండి.

న్యూజిలాండ్ డాలరును కొంచెం ఎక్కువగానే, 55 రూపాయలుగా పట్టి నేను వేసిన అంచనా ఇది. విమానం టికెట్లు ఇద్దరికీ 2,40,000. హైదరాబాద్ నుంచి నేరుగా లేదు. సింగపూర్ లాంటి చోట మారి క్రైస్ట్‌చర్చ్, అక్కడి నుంచి క్వీన్స్‌టౌన్, తిరుగు ప్రయాణం డునెడిన్ నుంచి అనుకున్నాను. వీసాకు ఒక్కొక్కరికి 341 డాలర్లు, పర్యాటకుల లెవీ ఇంకో 100, అంటే ఇద్దరికీ 882 డాలర్లు, సుమారు 48,500 రూపాయలు. 2024 అక్టోబరులో ఈ రెండూ పెంచారు, పాత వీడియోల్లో చెప్పే లెక్క నమ్మకండి. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. ఐదు రోజులకు రెండు సైకిళ్ల అద్దె, సామాను ఒక బస నుంచి ఇంకో బసకు చేర్చే ఏర్పాటు, రానుపోను వ్యాను, అన్నీ కలిపి 60,500. తొమ్మిది రాత్రుల బస 89,000. తిండి 60,500. మిగతా మూడు రోజుల తిరుగుడు 38,500. బీమా, వాన కోటు, గ్లవ్స్, మెత్త ఉన్న సైకిల్ నిక్కర్లు 28,000. మొత్తం 5,65,000. పదో వంతు అదనంగా పెట్టుకుంటే 6.2 లక్షలు.

అందులో ట్రైల్ మీద అయ్యే అసలు ఖర్చు అరవై వేలు. మిగిలిందంతా అక్కడికి చేరడానికీ, తిని పడుకోవడానికీ. కాబట్టి డబ్బు ఆదా చేద్దామని సైకిల్ రోజులు ఐదు నుంచి మూడుకు తగ్గించకండి. అది చీర కొని జాకెట్టు గుడ్డ దగ్గర బేరమాడినట్టు. తగ్గించాలంటే చివరి మూడు రోజుల తిరుగుడు తగ్గించండి.

ఇప్పుడు మీవారి లోన్. 5 లక్షలు, 14 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే నెలకు 24 వేల కిస్తీ, మొత్తం వడ్డీ 76 వేలు. ట్రైల్ ఖర్చు మొత్తం కంటే ఎక్కువ. తిరిగొచ్చాక రెండేళ్లు కట్టే ఆ 24 వేలు ఎలాగూ మీ మిగులులోంచే రావాలి. అదే మిగులును ముందు దాచుకుంటే వడ్డీ మీకే వస్తుంది. ఇందులో ఇంతకంటే లోతైన ఆర్థిక శాస్త్రం ఏమీ లేదు.

చిట్టీ గురించి వరంగల్ వాళ్లకు నేను చెప్పేదేముంది. రిజిస్టరైన చిట్టీ తప్పేమీ కాదు. కానీ నిర్వాహకుడి కమీషన్ చట్టప్రకారం 7 శాతం దాకా ఉండొచ్చు. మీకు డబ్బు కావాల్సిన నెల ముందే తెలుసు, ఆ నెలలో పాట మీకే రావాలంటే తగ్గించి పాడాలి. తేదీ తప్పకూడని ప్రయాణానికి అది సరిపోదు. స్టాఫ్‌రూమ్‌లో నోటిమాట మీద నడిచే చిట్టీ అయితే అసలు వద్దు. డీఏ బకాయిలు ఖాతాలో పడ్డ రోజున డబ్బు, అంతవరకు వార్త.

నేను చేయమనేది ఇలా. సేవింగ్స్‌లో ఉన్న 1.5 లక్షలు 14 నెలల ఎఫ్‌డీ వేయండి. నెలకు పది వేలతో 14 నెలల ఆర్‌డీ ఒకటి, పదిహేను వేలతో 18 నెలల ఆర్‌డీ ఇంకొకటి తెరవండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే 14 నెలలకు ఎఫ్‌డీ, మొదటి ఆర్‌డీ కలిపి మూడు లక్షల ఏడు వేల దాకా వస్తుంది, విమానం టికెట్లకూ వీసాకూ సరిపోతుంది. అప్పటికి ప్రయాణానికి ఆరు నెలలుంటుంది, టికెట్ కొనడానికి మంచి సమయం. తర్వాత నాలుగు నెలలు ఖాళీ అయిన పది వేలు సేవింగ్స్‌లోనే ఉంచండి. రెండో ఆర్‌డీ 2 లక్షల 84 వేలు అవుతుంది. అన్నీ కలిపితే 6.3 లక్షలు. వడ్డీ మీద పన్ను మీ స్లాబు ప్రకారం పడుతుంది, దానికీ కొంత పోతుంది. చివరి రెండు నెలల మిగులు చేతిలోనే ఉంటుంది కాబట్టి టెన్షన్ లేదు. అదే మేలో వెళ్లి ఉంటే 15 నెలల పొదుపూ, మీ 1.5 లక్షలూ వడ్డీతో కలిపి ఐదున్నర లక్షల దగ్గరే ఆగేది, మిగతా దానికి ఆ లోన్ గుమ్మం తొక్కాల్సి వచ్చేది. అత్యవసరం కోసం పెట్టిన 3 లక్షలు మాత్రం కదపకండి.

ఆర్‌డీకి ఇంకో లాభం కూడా ఉంది. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు. అక్కడ ఉండే కాలానికి ఒక్కొక్కరికి నెలకు 1,000 డాలర్లు, బస ముందే చెల్లించి ఉంటే 400 డాలర్లు ఉన్నట్టు చూపించాలి. దరఖాస్తుకు ముందు వారం ఎవరో బావమరిది వేసిన నాలుగు లక్షలు అనుమానం తెస్తాయి. ఏడాది పాటు ప్రతి నెలా కట్టిన పాస్‌బుక్ అలాంటి అనుమానం తేదు. మీరు ప్రభుత్వోద్యోగి కాబట్టి విదేశానికి వెళ్లడానికి శాఖ అనుమతి కూడా కావాలి. ఆ ఫైలు నెలల ముందే కదిలించండి, అది చేతికొచ్చాకే డబ్బు తిరిగి రాని బుకింగ్‌లు చేయండి. నేను ఒకసారి తొందరపడి ఒక ట్రావెల్ ఏజెంటుకు మొత్తం కట్టేశాను, తేదీ మారింది, సగం తిరిగి రాలేదు. ఆ సగానికి ఇప్పటికీ మా ఇంట్లో పేరు పెట్టి పిలుస్తారు.

టీసీఎస్ గురించి, అంటే విదేశీ ఖర్చు మీద డబ్బు తీసుకునేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను గురించి, రెండు మాటలు. ఇక్కడి కంపెనీ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. రేటు బడ్జెట్‌లలో మారుతూ వస్తోంది, కొనే రోజు అడగండి. ప్యాకేజీ కాకుండా మీరే విడిగా బుక్ చేసుకుని డబ్బు పంపితే, ఏడాదికి ఒక్కొక్కరికి 10 లక్షలు దాటే వరకు పడదు. మీరు ఆ గీతకు చాలా దూరంలో ఉన్నారు. ఒకవేళ పట్టినా అది పోయిన డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. లేదా జీతం ఇచ్చేచోట ముందే తెలియజేస్తే టీడీఎస్‌లో తగ్గిస్తారు.

అక్కడ ఖర్చుకు ఫారెక్స్ కార్డులో మూడు నాలుగు విడతలుగా డాలర్లు వేసుకోండి. మామూలు క్రెడిట్ కార్డుకు సాధారణంగా 3.5 శాతం వరకు మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ. స్వైప్ మెషిన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దనండి, డాలర్లలోనే కట్టండి.

న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం సందర్శకుల చికిత్స ఖర్చు కూడా భరిస్తుంది. దాన్ని చూసి బీమా మానేయకండి. జ్వరం వచ్చినా, గుండె నొప్పి వచ్చినా, ప్రయాణం రద్దయినా అది వర్తించదు. పాలసీలో సైకిల్ తొక్కడం మినహాయింపుల్లో ఉందేమో చదివి సంతకం పెట్టండి. హెల్మెట్ అక్కడ చట్టప్రకారం తప్పనిసరి, సైకిల్‌తో పాటే ఇస్తారు. ఆవకాయ సీసా పట్టుకెళ్తే అరైవల్ ఫారంలో రాయండి. రాస్తే మహా అయితే తీసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు, మన లెక్కలో 22 వేలు.

ఇప్పుడు అసలు టెన్షన్ గురించి. మీ అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరేది 2028 మధ్యలో, అంటే మీరు తిరిగొచ్చిన ఎనిమిది తొమ్మిది నెలలకు. ఆ 9 లక్షలు ఈక్విటీలోనే, అంటే షేర్లలోనే ఉండి, ఆ ఏడాది మార్కెట్ పడితే కౌన్సెలింగ్ రోజు ఏం చేస్తారు? సిప్‌లోంచి ప్రయాణానికి తీయొచ్చా అని అడిగారు. ప్రయాణానికి కాదు, ఫీజు కోసమే తీయడం మొదలుపెట్టాలి. మొదటి రెండేళ్ల ఫీజు మేర డబ్బును ఇప్పటి నుంచే విడతలుగా ఎఫ్‌డీకో, పెద్దగా ఒడుదొడుకులు లేని లిక్విడ్ ఫండ్‌కో మార్చండి. ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షలు మించితేనే 12.5 శాతం పన్ను. అందుకే మూడు ఆర్థిక సంవత్సరాల్లో పంచి తీస్తే పన్ను చాలావరకు తప్పుతుంది.

చివరిగా, ఆర్‌డీ తెరిచిన వారమే రెండు సైకిళ్లు సంపాదించండి, పాతవైనా సరే. ఏ ఆదివారమైనా హైదరాబాద్ వచ్చినప్పుడు ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఒక పొద్దంతా తొక్కి చూడండి. మర్నాడు పొద్దున కూడా మళ్లీ సైకిల్ ఎక్కాలనిపించిందా? అది తేలాకే టికెట్ల డబ్బు కట్టండి.