కృష్ణ ఒడ్డున గ్రావెల్ సైకిల్: కట్ట దిగితేనే అసలు దారి

ప్రశ్న: విజయవాడ చుట్టుపక్కల కృష్ణ ఒడ్డున లారీలు, బస్సుల గోల లేకుండా గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) తొక్కుకోడానికి మంచి దారులు ఏమన్నా ఉన్నాయా?

ఉన్నాయి. ఫోన్ మ్యాపులో మాత్రం వెతక్కండి, దొరకవు. తొమ్మిదేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం తెల్లారేసరికి నేను ఈ ఒడ్డునే ఉంటున్నాను. మంచి దారులన్నీ కరకట్టకీ నీళ్లకీ మధ్యన ఉన్నాయి. ఒకప్పుడు ఎడ్లబళ్లు నడిచిన డొంకలు, పంట బయటికి తెచ్చుకోడానికి రైతులు కంకర పోసుకున్న బాటలు, లంకల్లోకి దిగే ర్యాంపులు. వాటికి పేర్లుండవు, బోర్డులుండవు.

ముందు ఎటు వెళ్లకూడదో చెప్తాను. కొత్తగా సైకిల్ కొన్నవాళ్లందరూ ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం మీదుగా రాయపూడి వైపు పోతారు. ఒకప్పుడు నేనూ ఆ దారిలోనే తొక్కడం మొదలుపెట్టాను. ఇప్పుడక్కడ రాజధాని పనుల టిప్పర్లు తిరుగుతుంటాయి. కట్ట ఇరుకు, ఎదురుగా బండి వస్తే పక్కకి దిగడానికి చోటుండదు. అవతలి ఒడ్డున ఇబ్రహీంపట్నం వైపు పోతే థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద లారీలు. గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూడాలనుకుంటే ఇంట్లోవాళ్లతో బస్సులో వెళ్లి చూసి రండి. సైకిల్ మాత్రం అటు తిప్పకండి.

దిగువకి రండి. ప్రకాశం బ్యారేజీ దాటగానే కృష్ణ వేరే నది అయిపోతుంది. పైన చెరువులా నిలిచిన 12 అడుగుల నిండు నీళ్లు, కింద ఇసుక తిన్నెలు, పాయలు, లంకలు. యనమలకుదురు కొండమీది రామలింగేశ్వరస్వామి గుడి దాటితే పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు వరసగా వస్తాయి. కట్ట మీద అవనిగడ్డ దాకా తారు రోడ్డు వేశారు, దాని మీద బస్సులూ ఉంటాయి. అందుకని చోడవరం దాటాక కుడిచేతి వైపు నదిలోకి దిగే ర్యాంపు ఏది కనబడితే అది దిగెయ్యండి. రెండు నిమిషాల్లో హారన్ల మోత ఆగిపోతుంది. ఇక చెరకు ఆకుల గలగల, అరటి తోటలో ఎక్కడో మోటారు చప్పుడు, చక్రం కింద కంకర నలిగే చప్పుడు, అంతే.

గుంటూరు వైపు ఒడ్డు నాకు ఇంకా ఇష్టం. సీతానగరం నుంచి పాతూరు, చిర్రావూరు మీదుగా కొల్లిపర మండలం మున్నంగి, వల్లభాపురం దాకా కొంత తారు, కొంత కంకర, కొంత మట్టి. పసుపు, కంద, అరటి, తమలపాకు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వెళ్లండి. పొలాల్లో పొయ్యిలు పెట్టి కొమ్ములు ఉడకేస్తుంటారు. ఆ ఆవిరి వాసన బట్టలకి పట్టి ఇంటిదాకా వస్తుంది. అక్కడి పసుపు దుగ్గిరాల యార్డుకి పోతుంది కాబట్టి పగలు ట్రాక్టర్లు తిరుగుతాయి. ఎనిమిదిలోపు వెనక్కి వచ్చేస్తే ఆ ఇబ్బందీ ఉండదు.

ఇప్పుడు తోట్లవల్లూరు దగ్గర నాకు జరిగింది చెప్పాలి. ఎన్ని దారులు చెప్పినా ఇది చెప్పకపోతే నేను తప్పు చేసినట్టే.

కొన్నేళ్ల కిందట, అక్టోబరు. అంతకు ముందు వారమంతా వానలు. ఆ ఆదివారం మాత్రం ఆకాశం తేటగా ఉంది. ర్యాంపు దిగాను. లంకకీ ఒడ్డుకీ మధ్య సన్నటి పాయ. నీళ్లు చీలమండ దాకా కూడా లేవు, అడుగున ఇసుక కనబడుతోంది. సైకిల్ భుజాన వేసుకుని దాటేశాను. లంకలో కంద మళ్ల మధ్య బండ్ల బాట. ఒండ్రు గట్టిపడి సిమెంటు నేలలా ఉంది. గంటన్నర తొక్కాను. తిరిగొచ్చేసరికి ఆ పాయ వెడల్పు నాలుగింతలైంది. నీళ్లు ఎర్రగా, అడుగు కనబడకుండా, ఎండు చెరకాకుల్ని మోసుకుంటూ పోతున్నాయి. కాలు పెట్టి చూశాను, మోకాలు దాటింది. ఇంకో అడుగు వేస్తే కాలికింద ఇసుక జారిపోయింది. వెనక్కి వచ్చి గట్టు మీద కూలబడ్డాను.

కాసేపటికి ఒక పెద్దాయన గెడ వేసుకుంటూ పడవలో వచ్చాడు. ఆయనకి అరవై పైనే ఉంటాయి.

"ఏం బాబూ, ఈ సైకిలేసుకుని లంకలోకెందుకొచ్చావ్? పొద్దున గేట్లెత్తారంట, తెలవదా?"

"తెలీదు బాబాయ్. వచ్చేటప్పుడు పాయలో నీళ్లే లేవు."

"నీళ్లు నీకు చెప్పొస్తయ్యా? ఎక్కు. సైకిలు పడుకోబెట్టు, నిలబెట్టబాక."

నడిమి పాయలోకి వచ్చాక పడవ అడ్డం తిరగబోయింది. ఆయన గెడ లోతుగా దింపి ఒళ్లంతా దాని మీద వాల్చాడు. పడవ ముక్కు సరయ్యేదాకా మాట్లాడలేదు. ఒడ్డుకి చేరాక డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మా పిల్లలు రోజూ ఇట్టాగే బడికి పోయేవోళ్లు" అన్నాడు, అంతే.

ఆ రోజు సాయంత్రమే కూర్చుని బ్యారేజీ సంగతి తెలుసుకున్నాను. ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచేది సుమారు 3 టీఎంసీలు. దాని పైనున్న పులిచింతల 45 టీఎంసీల ప్రాజెక్టు. మధ్యలో మున్నేరు వచ్చి కలుస్తుంది. పైనుంచి వరద వస్తే బ్యారేజీ దాన్ని ఆపుకోలేదు, 70 గేట్లలో కావలసినన్ని ఎత్తి వదలాల్సిందే. మన నెత్తిన వాన చుక్క లేకపోయినా, ఎక్కడో ఖమ్మం వైపు కురిసిన వానకి తోట్లవల్లూరు పాయ పొంగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు లంకలు లంకలే మునిగిపోయాయి. నాకు తెలిసిన డొంకలు కొన్ని ఇసుక మేటల కిందకి పోయాయి. అందుకే జులై నుంచి నవంబరు దాకా దిగువకి ఎంత వదులుతున్నారో చూసుకోకుండా నేను ఇంట్లోంచి కదలను. కట్ట మీద ఎంత దూరమైనా తొక్కండి, పాయ మాత్రం దాటొద్దు.

ఆ పెద్దాయనతో తర్వాత పరిచయం పెరిగింది. ఒకసారి ఆయన దగ్గర ఈ దారులు ఇలాగే మట్టిగా ఉంటే బాగుణ్ణు అన్నాను. "మీకు బాగుంటది బాబూ. వానపడితే కంద బస్తాలు భుజాన మోసేది మేం" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. నా అభిప్రాయం కొంచెం మార్చుకున్నాను, పూర్తిగా కాదు. లంక రైతుకి గట్టి కంకర బాట కావాలి, అది ఆయన హక్కు. తారు వద్దంటాను. తారు పడితే ట్రాక్టరుతో ఆగదు. ఇసుక లారీ దిగుతుంది, దాని వెనక నలభై లారీలు దిగుతాయి, రెండు వానాకాలాలకి ఆ తారూ మిగలదు. కంకర బాటని ఏటా రోలరు తొక్కించి ఉంచితే రైతుకీ పనికొస్తుంది, మనకీ పనికొస్తుంది. ఊరూరా రోడ్డు వేశామని చెప్పుకోవడానికి తారు కావాలి గానీ బండికి అక్కర్లేదు. ఈ విషయంలో నాతో వాదించడానికి వచ్చినవాళ్లెవరూ లంకలో దిగి చూసినవాళ్లు కారు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. గుంపులుగా వచ్చి, సైకిల్‌కి స్పీకరు తగిలించి పాటలు పెట్టుకుని తొక్కేవాళ్లు. అక్కడ పాయ ఒడ్డున కొంగలు, లకుముకి పిట్టలు ఉంటాయి, రాత్రంతా కాపలా కాసి పాకలో అప్పుడే నడుం వాల్చిన మనుషులుంటారు. దయచేసి వద్దు. అరటి గెల పక్కన నిలబడి ఫొటో దిగేటప్పుడు మడిలో కాలు పెట్టకండి. గట్టు మీద ఎవరన్నా కనబడితే సైకిల్ దిగి పలకరించండి, దారి వాళ్లది.

సైకిల్ విషయానికొస్తే, 40 మిల్లీమీటర్ల టైరు చాలు, గాలి నలభై పీఎస్ఐ లోపే ఉంచండి. ఇక్కడ మీ అసలు శత్రువు రాయి కాదు, పల్లేరు కాయ. ఎండాకాలంలో గట్ల మీద పరుచుకుని ఉంటుంది. ఒక్కసారి తొక్కితే నాలుగు చోట్ల దిగుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు వేసి సీలెంట్ (చిల్లుల్ని తనంతట తానే పూడ్చే ద్రవం) పోయించుకోండి, లేదంటే రెండు ట్యూబులు వెంట పెట్టుకోండి. తుమ్మచెట్ల కింద ఆగొద్దు. కట్టకి పొలం వైపు నల్లరేగడి ఉన్నచోట వాన పడిన మర్నాడు అస్సలు వెళ్లొద్దు. ఆ మట్టి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని గట్టిపడుతుంది, పుల్లతో గీక్కుంటూ నడిచి రావాల్సిందే. నది వైపు ఒండ్రు అలా కాదు, ఒక పూట ఎండ కాస్తే తొక్కడానికి వీలైపోతుంది.

మొదటిసారైతే డిసెంబరులో రండి. చీకటి ఉండగానే యనమలకుదురులో టీ తాగి బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి చోడవరం దాటతారు. మంచు పట్టి పది గజాల ముందు ఏముందో కనబడదు. లైటు వేసుకుని నెమ్మదిగా తొక్కండి, ఆ వేళకి పాలకేన్ల బళ్లు ఎదురొస్తుంటాయి. తోట్లవల్లూరు దగ్గర పడవ రేవులో గెడ పట్టుకున్న పెద్దాయన కనబడితే ఆగండి, లంకలో ఈ ఏడు బాట ఎటు పడిందో ఆయనే చెప్తాడు.