జేఆర్‌ఎఫ్ వచ్చాక బీఈడీయా, టెరాహెర్ట్జ్ పీహెచ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వచ్చింది. టెరాహెర్ట్జ్ పల్స్‌ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, 6జీకి అదే ఆధారమట. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఐదేళ్లు చదివాక ఉద్యోగం వస్తుందా సార్?
- ఒక తండ్రి, జనగామ

జవాబు: ముందు 6జీ సంగతి పక్కన పెట్టండి. ఆ చర్చల్లో టెరాహెర్ట్జ్, అంటే సెకండుకు లక్ష కోట్ల సార్లు ఊగే తరంగాల మాట వినబడేది నిజమే, కానీ మీ అమ్మాయి చేయబోయేది అది కాదు. ఫోన్‌కు ఆగకుండా వచ్చే తరంగం కావాలి. ఆమె ల్యాబ్‌లో పుట్టే పల్స్ పికోసెకండు, అంటే సెకండులో లక్ష కోట్లవ వంతు సేపు మాత్రమే ఉంటుంది. ఆ కాస్త సేపట్లోనే దాని విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు 10 లక్షల వోల్టుల దాకా పోతుంది. దాంతో అయస్కాంతాల్లో స్పిన్‌లను (ఎలక్ట్రాన్లకుండే బుల్లి అయస్కాంత గుణం), నిరోధం లేకుండా కరెంటు పారే సూపర్‌కండక్టర్లలో ఎలక్ట్రాన్లను ఒక్క తోపు తోసి ఏం జరుగుతుందో చూస్తారు.

రోజువారీ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఫెమ్టోసెకండ్ (పికోసెకండులో వెయ్యో వంతు) లేజర్ పల్స్‌ను లిథియం నియోబేట్ స్ఫటికంలోకి పంపితే టెరాహెర్ట్జ్ పుడుతుంది. చిక్కేమిటంటే, ఆ స్ఫటికంలో లేజర్ ముందుకు పోతుంది, టెరాహెర్ట్జ్ వెనకబడుతుంది. లేజర్ పల్స్ ముఖాన్ని గ్రేటింగ్‌తో (సన్నని గీతలున్న పలక) ఏటవాలు చేస్తే రెండూ కలిసి నడుస్తాయని 2002లో హంగేరీ శాస్త్రవేత్త యానోష్ హెబ్లింగ్, సహచరులు చూపించారు. కొలవడం ఇంకో విద్య. అంత వేగంగా కొలిచే ఎలక్ట్రానిక్స్ లేదు. అందుకని రెండో లేజర్ పల్స్‌ను కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ తరంగాన్ని ముక్కముక్కగా గీస్తారు. ఆ పల్స్ దారిలోని అద్దాన్ని 0.15 మిల్లీమీటరు వెనక్కి జరిపితే, కాంతి పోనూ రానూ 0.3 మిల్లీమీటరు ఎక్కువ నడుస్తుంది. అదీ ఒక పికోసెకండు! గాలిలో తేమ టెరాహెర్ట్జ్‌ను తాగేస్తుంది గనుక పెట్టెలో పొడి నైట్రోజన్ నింపుతారు. వానాకాలంలో మూత సరిగా పడకపోతే ఆ రోజు డేటా పోయినట్టే.

ఇంత వివరం ఎందుకంటే, రేపు ఉద్యోగం ఇప్పించేది ఈ చేతిపనే. టెరాహెర్ట్జ్ పేరుతో మన దగ్గర పడే నోటిఫికేషన్లు తక్కువ, దాచను. లేజర్లు, ఆప్టిక్స్, కొలతల కోడింగ్ వచ్చినవాళ్లకు మాత్రం దారులున్నాయి: హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వాళ్ల చెస్ ల్యాబ్, ఇండోర్‌లో ఆర్‌ఆర్‌క్యాట్ అనే ప్రభుత్వ లేజర్ పరిశోధన కేంద్రం, పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) జర్మనీలో డ్రెస్డెన్ దగ్గరి టెల్బే టెరాహెర్ట్జ్ కేంద్రం, మ్యూనిక్ పరిసరాల్లో ఈ పరికరాలు చేసే మెన్లో సిస్టమ్స్, టాప్టికా లాంటి కంపెనీలు. డబ్బు సంగతంటారా, జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000. మీ జేబు నుంచి పెద్దగా పోయేదేం లేదు. బీఈడీని పీహెచ్‌డీ అయ్యాక కూడా చేసుకోవచ్చు. ఈ ఫెలోషిప్ అలా వేచి ఉండదు.

నా భయం సబ్జెక్టు మీద కాదు, ల్యాబ్ మీద. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి రెండో ఏడు మొత్తం లేజర్ బాగుచేయించడంతోనే సరిపోయింది. విడిభాగం విదేశం నుంచి రావాలి, ఫైలు కదలదు. కాబట్టి చేరేముందు అమ్మాయిని ఆ ల్యాబ్‌కు పంపి రెండు విషయాలు కనుక్కోమనండి. పోయిన నెలలో లేజర్ ఆంప్లిఫయర్ (పల్స్ బలాన్ని పెంచే యంత్రం) ఎన్ని రోజులు నడిచింది? ఇంతకు ముందు పీహెచ్‌డీ చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు? ఇవి ప్రొఫెసర్ గారి గదిలో అడిగేవి కావు. సీనియర్లతో క్యాంటీన్‌లో కూర్చున్నప్పుడు అడగాలి.