వెనక సీటు విప్పే ముందు అల్లుడికి నాలుగు మాటలు

గుణుపురం

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ క్యాంపర్‌లో (క్యాబిన్‌లో రెండు వరుసల సీట్లు, వెనక సరుకు తొట్టి ఉండే బండి) వెనక సీటు తీసేసి ఆ జాగాలో జీడిపప్పు డబ్బాలు పెట్టుకుంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆలోచన మంచిదే. కొండ ఊళ్ళలో పచ్చి జీడి పిక్కలు ఎత్తి పలాస చేర్చడానికి వెనక తొట్టి చాలు. తిరిగొచ్చేటప్పుడు తెచ్చే పప్పు సంగతి వేరు. తేమ తగిలితే మెత్తబడుతుంది, పక్కన ఏ వాసన ఉంటే అది పట్టేస్తుంది. టార్పాలిన్ కింద పెట్టి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దుకాణాలన్నీ తిప్పేకంటే క్యాబిన్‌లో అద్దాలు బిగించి తేవడమే మేలు. కాకపోతే పాతపట్నం రోడ్డులో ఎవరో సీటు కాళ్ళు కటింగ్ మిషన్‌తో కోసేసి, పైన రేకు పరిచి వెల్డింగ్ కొడతామన్నారట. దానికి మాత్రం ఒప్పుకోకు.

ఏం చేసినా గంటలో మళ్ళీ మామూలుగా బిగించేలా ఉండాలి. బోల్టు విప్పితే బిగించుకోవచ్చు, కోసిన కాలు మళ్ళీ ఆ బలంతో అతకదు. రేపు బండి అమ్మినా, ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళినా, పిల్లల్ని ఎక్కించుకున్నా ఆ సీటు కావాలి.

అసలు మొత్తం సీటు తీయాలా అన్నది ముందు చూసుకో. ఒక డబ్బా తీసుకెళ్ళి బండిలో పెట్టి కొలు. నా షెడ్డుకి ఇదే పని మీద వచ్చేవాళ్ళలో చాలామందికి కూర్చునే దిండు తీస్తే సరిపోతుంది, వీపు ఆనే భాగం జోలికి పోనక్కర్లేదు. అది ఉంటే వెనక గోడకి ఉన్న మెత్త నలగదు, రోడ్డు చప్పుడు, వేడి లోపలికి తక్కువ వస్తాయి. కొన్ని బళ్ళలో జాకీ, చక్రం పానా సీటు కిందో వెనకో ఉంటాయి. గాలి బయటికి పోయే సందులు కూడా వెనక గోడలోనే ఉండొచ్చు. నీ బండిలో ఏవి ఎక్కడున్నాయో చూసుకోకుండా సరుకు పేర్చేస్తే, వానలో పంక్చరైన రోజు డబ్బాలన్నీ దింపితే గానీ జాకీ చేతికి రాదు.

ఇక బోల్టులు. పని పాడయ్యేదంతా ఇక్కడే. మన వానలకీ, చెప్పుల బురదకీ సీటు కాళ్ళ దగ్గర తుప్పు పట్టి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి వదిలెయ్. పొద్దున సీటు కింద వైర్లు ఏమైనా ఉన్నాయేమో చూడు. ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కాసేపు ఆగి, ఆ తర్వాత ప్లగ్గు ఊడదియ్. బోల్టుకి ఆరు మూలల సాకెట్టే వాడు. నోరు తెరిచిన పానా జారితే తల గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఏ పానా పట్టదు. ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చెయ్. కదలకపోతే మళ్ళీ నూనె కొట్టి టీ తాగి రా. గ్యాసుతో వేడి చేద్దామని ఎవరైనా అంటే అక్కడే ఆపెయ్. కార్పెట్టు అంటుకుంటుంది, రేకు కింద డీజిల్ గొట్టాలు ఉండొచ్చు. పానాకి పొడవాటి గొట్టం తొడిగి బలం మీద తిప్పడం కూడా వద్దు. నేల రేకుకి అడుగున అతికించి ఉన్న నట్టు ఊడి బోల్టుతో పాటు తిరగడం మొదలైతే, చిన్న పని కాస్తా రేకు కోసే పనవుతుంది.

తీసిన బోల్టులు ఒక గుడ్డ సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకో. పోయాయి కదా అని బజారులో దొరికింది బిగించకు. బోల్టు తల మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి, అవి దాని బలం. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి దాదాపు 80 కిలోల లాగుడు ఓర్చుకునే ఇనుము. అంకె లేని బోల్టుకి ఆ పూచీ లేదు. ఖాళీ రంధ్రాలని కూడా అలా వదిలెయ్యకు. రబ్బరు బిరడాలు కొట్టకపోతే మట్టి రోడ్డు దుమ్మంతా కింద నుంచి వచ్చి నీ డబ్బాల మీదే కూర్చుంటుంది.

సీటు బెల్టులు విప్పకు. విప్పి, బెల్టు లోపలికి చుట్టుకునే చిన్న డబ్బాని వంకరగా పట్టుకుంటే బెల్టు బిగుసుకుపోయి లాగినా రాదు, చాలామంది పాడైందనుకుని కొత్తది కొంటారు. పైకి మడిచి గుడ్డతో కట్టుకుంటే చాలు. ఆ బెల్టులతో సరుకు కట్టడం మాత్రం పాపం. రేకు అంచుకి ఒరుసుకుని పోగులు తెగిన బెల్టు, తర్వాత దాన్ని పెట్టుకుని కూర్చునే పిల్లాణ్ణి ఆపలేదు.

సీటు తీశాక కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. నీళ్ళకి చెడని ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది తీసుకుని, కింద చెక్క కాళ్ళు పెట్టి బల్లలా చేయించు. దాన్ని సీటు బోల్టుల పాత రంధ్రాలకే బిగించు. కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయొద్దు. పైనుంచి డ్రిల్లు దింపేవాడికి కింద ఉన్న బ్రేకు గొట్టం, వైరింగు కనబడవు.

సరుకు కట్టడం దగ్గర నేను ఎవరి మాటా వినను, నువ్వు కూడా వినకు. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిపోతే, వెనకున్న 10 కిలోల డబ్బా దాదాపు 200 కిలోల బరువుగా ముందుకి తోస్తుంది. ఆ తోపు పడేది నీ వీపు మీద, పక్కన కూర్చున్న మీ ఆవిడ తల మీద. అందుకని ముందు సీట్ల వెనక గట్టి ఇనుప జాలీ పెట్టించి, దాన్ని కూడా పాత రంధ్రాలకే బిగించు. బల్లకి కొక్కాలు పెట్టి, పిడి ఆడించి బిగించే రాచెట్ బెల్టులతో డబ్బాల్ని కిందికి లాగి కట్టు. ముందు సీట్ల అంచు ఎత్తు దాటి పేర్చకు, వెనక అద్దం కనబడాలి. 80 కిలోల పిక్కల బస్తా క్యాబిన్‌లోకి రానేకూడదు, దాని చోటు తొట్టి. డీజిల్ డబ్బా కూడా అంతే. పప్పుకి వాసన పడుతుంది, నీకు తల తిరుగుతుంది.

సీటు లేనప్పుడు ఆ బల్ల మీద మనుషుల్ని ఎక్కించకు. సీజన్‌లో కూలీలు "కాస్త దూరమే కదా బాబూ" అంటారు, నీకూ కాదనడం కష్టమవుతుంది. అయినా కాదను. బస్సు చార్జీ నువ్వే ఇయ్యి. కొండ దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేని మనిషిని ఎక్కించుకుని నువ్వు నిదానంగా ఎలా నడుపుతావు?

చట్టం సంగతి కూడా విను. ఆర్సీలో ఎన్ని సీట్లని రాసి ఉందో బండి దానికి తేడాగా ఉండకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఎప్పటికీ సీటు లేకుండానే నడపాలనుకుంటే పర్లాకిమిడి ఆర్టీవో ఆఫీసుకెళ్ళి రాతపూర్వకంగా అనుమతి అడుగు, ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పు. ప్రమాదం జరిగిన రోజు వాళ్ళు మొదట పట్టుకునేది ఇలాంటి తేడానే. పసుపు నంబరు బండి కాబట్టి 8 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. మైలేజీ పెరుగుతుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకు, ఆ సీటు బరువుకి తేడా ఏమీ తెలియదు.

తీసిన సీటు పశువుల శాలలో పడెయ్యకు. ఎలకలు స్పాంజిలో గూడు కడతాయి. ఇంట్లో చెక్కల మీద నిలబెట్టి పాత దుప్పటి కప్పు. పాలిథిన్ చుడితే వానాకాలంలో బూజు పడుతుంది.

శివరాత్రికి ముఖలింగం వెళ్ళడానికి సీటు ఉండాలంటోంది మీ అమ్మ. పండగ దాటాక ఒక ఆదివారం బండి ఇక్కడికి తీసుకురా, షెడ్డు ఖాళీగా ఉంటుంది. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు, లోపల నేల కొలతలు ముందే ఫోన్‌లో పంపిస్తే ప్లైవుడ్ కోయించి ఉంచుతాను. బయల్దేరే ముందు రాత్రి బోల్టులకి నూనె కొట్టడం మర్చిపోకు.

ఇట్లు,
మీ మావయ్య