శాపం ఎవరి నోటి నుంచి వచ్చిందో ముందు తేల్చుకో

అమ్మలూ,

నువ్వు పంపిన పది ఎపిసోడ్ల వన్‌లైన్, అదే కథ సారాంశం, నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. నీకు మొదటి డైలీ సీరియల్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఫోన్లో చెప్తే గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

పాత బంగళా బావుంది. తరానికొక కోడలు చనిపోవడం బావుంది. నాకు మింగుడుపడనిది ఆ మాంత్రికుడు ఒక్కడే. దారిన పోయేవాడు వచ్చాడు, అవమానం జరిగిందన్నాడు, వంశాన్ని శపించి వెళ్ళిపోయాడు. ఆ ఇంటితో వాడికి ఏ సంబంధమూ లేదు. అలాంటివాడి శాపం పిడుగు పడ్డట్టే ఉంటుంది. చూసేవాళ్ళు అయ్యో అంటారు, అంతటితో సరి. వంశాలకి తగిలేది ఉసురు. ఉసురు పోసుకోవాలంటే ఆ ఇంటివాళ్ళు ఒకరి మనసు విరిచి ఉండాలి.

దీన్ని నేను నేర్చుకున్నది డార్క్ షాడోస్ చూసి. ఏబీసీ అనే టీవీ ఛానల్లో 1966 జూన్ నుంచి 1971 ఏప్రిల్ దాకా మధ్యాహ్నం పూట వచ్చిన అమెరికన్ సీరియల్ అది, 1,225 ఎపిసోడ్లు. డాన్ కర్టిస్ సృష్టి. మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున కాలిన్‌వుడ్ అనే పెద్ద భవనం, అందులో కాలిన్స్ కుటుంబం. మొదట్లో అది మామూలు రహస్యాల కథే. దయ్యాలు మెల్లగా వచ్చాయి. రక్తపిశాచి బర్నబాస్ కాలిన్స్ అడుగుపెట్టేసరికి పది నెలలు గడిచాయి. అందుకే నీకు మొదటి ఎపిసోడ్‌లోనే దయ్యాన్ని చూపించాలన్న టెన్షన్ వద్దు.

బర్నబాస్‌కి ఆ గతి పట్టించింది ఎవరనుకున్నావు? పనిమనిషి. పేరు ఏంజెలీక్. మార్టినీక్ దీవిలో ఆమెతో ప్రేమ నడిపాడు, తర్వాత ఆమె యజమానురాలి మేనకోడలు జోసెట్‌తో పెళ్ళి కుదుర్చుకున్నాడు. కథ ప్రకారం 1795లో పెళ్ళివారితో పాటు ఏంజెలీక్ కూడా ఆ ఇంటికి వచ్చింది, పనిమనిషిగానే. నిన్నటిదాకా తనవాడు అనుకున్నవాడి పెళ్ళికి ఆమె చాకిరీ చెయ్యాలి. ఆ ఒక్క పరిస్థితిలో ఎన్ని సీన్లున్నాయో చూడు! ఆమెకి మంత్రవిద్య వచ్చు కాబట్టి జోసెట్ మనసుని బర్నబాస్ పినతండ్రి జెరెమయా వైపు తిప్పింది. ఆ ఇద్దరూ లేచిపోయి పెళ్ళి చేసుకున్నారు. బర్నబాస్ ద్వంద్వయుద్ధంలో సొంత పినతండ్రినే చంపాడు. చివరికి నిజం తెలిసి ఏంజెలీక్‌ని కాల్చాడు. చచ్చిపోతున్నానన్న కోపంలో ఆమె శపించింది: నీకు విశ్రాంతి ఉండదు, నిన్ను ప్రేమించినవాళ్ళెవరూ బతకరు.

ఇక్కడ ఆగి ఆలోచించు. ఏంజెలీక్ చావలేదు. శాపం మాత్రం పలికేసింది. అతణ్ణి అందరికంటే ఎక్కువ ప్రేమించింది ఆమే కదా! తర్వాత పశ్చాత్తాపపడింది, జరగబోయేది ఆపాలని చూసింది, కుదరలేదు. పిశాచిగా లేచిన బర్నబాస్ చేతుల్లో మొదట పోయింది ఆమే. తన మాట తనకే తగిలింది. నేను ఇప్పటికి ఎన్నో వంశశాపం కథలు చదివాను, ఇంత కచ్చితంగా ముడిపడ్డది ఇంకోటి చూడలేదు.

కాబట్టి నీ శాపం మాటలు రెండు ముక్కల్లో ఉండాలి, చూసేవాళ్ళకి నోటికి వచ్చేయాలి. అందులో ఎవరికి, ఎప్పుడు, ఎలా అన్నది స్పష్టంగా ఉండాలి. ఒకసారి పలికాక ఆ మాట నువ్వు కూడా మార్చకూడదు. నేను ఒకప్పుడు నా సీరియల్లో మార్చాను. రెండొందల ఎపిసోడ్లు దాటాక రేటింగ్ పడిపోతోందని శాపానికి కారణమే మార్చమన్నారు, నేను కాదనలేకపోయాను. తర్వాత ఒక పెళ్ళిలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మరయితే ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కళ్ళలో నిజమైన బాధ ఉంది. ఆ ప్రశ్న నీకు ఎదురుకాకూడదు.

అదే సీరియల్లో 1897 నాటి కథ ఇంకోటి ఉంది. క్వెంటిన్ కాలిన్స్ తన భార్య జెన్నీని చంపాడు. జెన్నీ తోబుట్టువు మాగ్డా అతణ్ణి తోడేలుగా మారమని శపించింది, అది అతడి వంశానికీ పాకేలా. శపించాక తెలిసింది, జెన్నీకి అతడి వల్ల కవలలు పుట్టారని. అంటే తన రక్తం మీదే మాట విసురుకుంది. ఆ తర్వాత మాగ్డా పాట్లన్నీ దాన్ని వెనక్కి తీసుకోవడానికే. నీ మాంత్రికుడి స్థానంలో ఇలాంటి ఆడమనిషిని ఊహించు. ఆమెని ఆ ఇంట్లోనే ఉంచు. కోడళ్ళకి తల దువ్వనీ, పిల్లల్ని ఎత్తుకోనీ.

ప్రేమజంట గురించి. నీ వన్‌లైన్లో వాళ్ళిద్దరూ ఏమీ చెయ్యరు, శాపం వచ్చి మీద పడుతుంది. అలా వద్దమ్మా. ప్రతివారం వాళ్ళకి బయటపడే దారి ఒకటి చూపించు, వాళ్ళే దాన్ని వదులుకోవాలి. బర్నబాస్‌ని చూడు. దాదాపు నూట డెబ్బై ఏళ్ళ తర్వాత శవపేటిక నుంచి బయటపడ్డాడు. ఊళ్ళో మాగీ ఎవన్స్ అనే అమ్మాయిలో అతనికి జోసెట్ పోలికలు కనిపించాయి. ఎత్తుకుపోయాడు. జోసెట్ బట్టలు కట్టించాడు, జోసెట్ మ్యూజిక్ బాక్స్ చేతికిచ్చి వినమన్నాడు. నువ్వు మాగీవి కాదు, జోసెట్‌వి అన్నాడు. అలా చెయ్యమని శాపంలో లేదు. చచ్చిపోయిన మనిషిని వదులుకోలేని అతడి మనసు చేయించింది. ఆ మ్యూజిక్ బాక్స్ సన్నగా మోగుతుంటే, పిల్ల తన పేరు తాను గుర్తుపెట్టుకోవడానికి అవస్థపడుతుంటే, నాకు ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది. నీ హీరోకి కూడా అలాంటి వస్తువు ఒకటి ఇవ్వు. అరచేతిలో పట్టేది, చప్పుడు చేసేదైతే ఇంకా మంచిది.

దాచిపెట్టడం గురించి కూడా రాయాలి. బర్నబాస్ తండ్రి జాషువా కొడుకుని చంపలేకపోయాడు. శవపేటికకి గొలుసులు చుట్టించి సమాధి మందిరంలోని రహస్యగదిలో పెట్టేశాడు, బయటికి వేరే కథ చెప్పాడు. 1967లో విల్లీ లూమిస్ అనేవాడు నగల కోసం ఆ గొలుసులు తెంచుతాడు. మూత లేపగానే లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి గొంతు పట్టుకుంటుంది. ముఖం చూపించరు. చెయ్యి చాలు! కానీ ఆ చెయ్యి కంటే నాకు గుర్తుండేది గొలుసు. అది పరువు కోసం, ప్రేమ కోసం, భయం కోసం ఒక తండ్రి వేయించిన గొలుసు. నీ కథలో తాళం వేసిన గది ఉంది కానీ ఎవరు వేశారో లేదు. బామ్మ వేసిందని పెట్టు. తాళంచెవి ఆవిడ మెడలోనే ఉందని పెట్టు.

చివరిది విమోచనం. మన పురాణాల్లో శపించిన ఋషే దారి కూడా చెప్తాడు. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు శకుంతలని మర్చిపోతాడన్న దుర్వాసుడే, గుర్తు చూపిస్తే జ్ఞాపకం వస్తుందన్నాడు, ఆ ఉంగరంతోనే మిగతా కథంతా నడిచింది. నీ శాపానికి కూడా ఉంగరం లాంటిది ఒకటి నీకు ఇప్పుడే తెలిసి ఉండాలి, ఛానల్‌కి చెప్పినా చెప్పకపోయినా. డార్క్ షాడోస్ ఆఖరి కథలో ఇంటివాళ్ళు తరానికొకసారి చీట్లు తీస్తారు. పేరు వచ్చినవాళ్ళు శాపం ఉన్న గదిలో ఒక రాత్రి గడపాలి. అన్నేళ్ళు చావులు చూపించిన ఆ సీరియల్, బ్రామ్‌వెల్, క్యాథరిన్ అనే ప్రేమజంటని ఆ గది నుంచి బతికించి బయటికి తెచ్చి ముగిసింది. అక్కడ నేను ఏడ్చాను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఎపిసోడ్లన్నీ పక్కన పెట్టి, శాపం పలికిన రోజు సీన్ ఒక్కటి పూర్తిగా డైలాగులతో రాయి. తెర మీద అది నూరో ఎపిసోడ్‌కి వచ్చినా పర్వాలేదు. ఆమె ఎవరు, ఆ పూట ఇంట్లో ఏం జరుగుతోంది, ఎవరు విన్నారు, విని కూడా ఎవరు నోరు మెదపలేదు. ఆదివారం లోపు పంపు. రాత్రి ఎంత ఆలస్యమైనా మేలుకుని చదువుతాను.

నీ పెద్దమ్మ