సమాధానం: మంగినపూడా, సూర్యలంకా?
విజయవాడ నుంచి ఒక్క ఆదివారంలో వెళ్లివచ్చేలా పిల్లలకు సముద్రంతోపాటు కాస్త చరిత్ర కూడా చూపించాలంటే మంగినపూడి, సూర్యలంకలలో ఏది మేలని మీరు అడిగారు. ఇసుకలో ఆటలే ముఖ్యమైతే బాపట్ల దగ్గరి సూర్యలంకే నయం. మీరు చరిత్ర కూడా కోరారు కనుక మంగినపూడి ఉన్న బందరు (మచిలీపట్నం) వైపే వెళ్లమంటాను. 1611లో ఆంగ్లేయులు వర్తకానికి దిగిన ఆ రేవును 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ముంచెత్తి, దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఊళ్లోని డచ్చివారి సమాధులను ముందుగా చూసి, ఎండ తగ్గాక సుమారు 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడికి చేరండి. అక్కడిది బంగారు రంగు ఇసుక కాదు, నల్లమట్టి. తడి పాదం ఎత్తితే వేళ్ల సందుల్లో జిగురుగా పట్టుకుంటుంది కాబట్టి, కాళ్లు కడుక్కోవడానికి ఒక డబ్బాడు మంచినీళ్లు వెంట ఉంచుకోండి; తెల్లబట్టలు మాత్రం వేసుకోవద్దు.