బడి వేళకే కడుపునొప్పి: బడి మార్చే ముందు షుగర్, మూత్రం పరీక్ష చేయించండి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. జూన్ 12న బడులు తెరిచాక కొత్త బడిలో ఒకటో తరగతిలో చేర్పించాము. పది రోజులుగా పొద్దున లేవగానే బొడ్డు దగ్గర నొప్పి అంటోంది, రెండుసార్లు వాంతి కూడా చేసుకుంది. ఆదివారం మాత్రం బాగానే ఆడుకుంటుంది. మూడేళ్ల క్రితమే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బడికి పంపిన నీళ్ల సీసా నిండుగానే తిరిగి తెస్తుంది, ఇంటికి రాగానే గటగటా రెండు గ్లాసులు తాగుతుంది, రాత్రి కూడా లేచి నీళ్లు అడుగుతోంది. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు దిష్టి అన్నారు, మరొకరు బడి మార్చేయమన్నారు. నేను గ్యాస్ సిరప్‌తో పాటు, పోయినసారి జ్వరానికి రాయగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ కూడా మూడు రోజులు ఇచ్చాను. పాపను మళ్లీ పాత బడికే పంపమంటారా? బడికి అలవాటు పడటానికి ఏదైనా టానిక్ ఉందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు బడి గురించి అడిగారు. నన్ను మాత్రం మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసిన పక్క తడపడం కలవరపెడుతోంది. మూడేళ్లుగా పొడి పక్క మీద లేచిన పిల్ల మళ్లీ తడుపుతోందంటే, దానికి తోడు రాత్రి లేచి నీళ్లు అడుగుతోందంటే, కడుపునొప్పి, వాంతులు కూడా ఉన్నాయంటే, ముందుగా రక్తంలో చక్కెర ఎంత ఉందో చూడాలి. రేపటి దాకా ఆగకుండా ఈ రోజే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరగడుపున ఉండనక్కర్లేదు. వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తారు, నిమిషంలో తెలిసిపోతుంది. ఇలాంటి లక్షణాలున్న పిల్లలో ఏ వేళలో చూసినా 200 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే టైప్-1 మధుమేహంగా (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక వచ్చే షుగర్ జబ్బు) భావించి ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకుంటారు.

మీ పాపకు అదే ఉందని నేను అనడం లేదు. పాపను చూడకుండా ఉత్తరం మీద రోగం నిర్ధారించడం సాధ్యం కాదు. బడిలో నీళ్లు తాగడం లేదు కాబట్టే ఇంటికి రాగానే అంత దాహం వేస్తూ ఉండవచ్చు, నిజానికి అదే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ ఆ రెండింటిలో ఏది అన్నది ఊహించి వదిలేసే విషయం కాదు. చక్కెర మూత్రంలోకి దిగేటప్పుడు నీటిని కూడా వెంట లాక్కుపోతుంది, అందుకే పక్క తడుస్తుంది, దాహం పెరుగుతుంది. ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడితే రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి, అప్పుడు కడుపునొప్పి, వాంతులు వస్తాయి. అది కడుపు జబ్బు కాదు, గ్యాస్ సిరప్‌కు తగ్గదు. ఇలాగే పది రోజులు గ్యాస్ మందు వాడి తీసుకొచ్చిన ఒక ఏడేళ్ల బాబును నేను ఐసీయూలో చూశాను. నాలుక ఎండిపోయి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు, నోటి నుంచి పండిన పండు వాసన వస్తోంది. వాళ్లమ్మ కూడా బడికి ఎగనామం పెట్టడానికే నొప్పి అంటున్నాడని అనుకున్నారు. బాబు కోలుకున్నాడు. పది రోజుల ముందే వేలి కొన నుంచి ఒక చుక్క రక్తం తీసి చూసి ఉంటే మాత్రం అంత దూరం వచ్చేది కాదు.

షుగర్ మామూలుగానే ఉంటే అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుని మిగతావి చూద్దాం. కొత్త బడిలో చేరిన చిన్నపిల్లల్లో నేను ఎక్కువగా చూసేది మూత్రం, మలం బిగబట్టుకోవడం. పాపను కోప్పడకుండా, బడిలో బాత్రూం ఎలా ఉందో పక్కన కూర్చుని అడగండి. గొళ్లెం చేతికి అందదని, పెద్ద పిల్లలు తలుపు తోస్తారని, ఫ్రాక్ బెల్టు తీయడం రాదని, టీచర్‌ను అడగడానికి భయమని పిల్లలు నాకు చెబుతుంటారు. బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందనే నీళ్లు తాగడం మానేస్తారు. మలం పేగు చివర గట్టిపడి పేరుకుపోతే పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి వస్తుంది, అది మూత్రాశయాన్ని నొక్కడంతో రాత్రి పక్క తడుస్తుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కూ దారి తీస్తుంది. అందుకే షుగర్‌తో పాటు మూత్రం పరీక్ష కూడా చేయించండి. పాప రోజూ విరేచనానికి వెళ్తోందా, గట్టిగా ఉండలుగా వస్తోందా అన్నది మీరు రాయలేదు. డాక్టర్‌కు ఇది తప్పకుండా చెప్పండి.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు. ఆ యాంటీబయాటిక్ ఎవరు ఇవ్వమన్నారు? పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే ఆ సిరప్‌లు సీసాను బట్టి ఏడు నుంచి పద్నాలుగు రోజులే పనికొస్తాయి, అదీ చాలావాటిని ఫ్రిజ్‌లో ఉంచితేనే. ఆ తర్వాత పారబోయాలి, వచ్చే జ్వరానికి పనికొస్తుందని దాచకూడదు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, నిజంగా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఈ మూడు రోజుల అరకొర మందు దాన్ని తగ్గించకపోగా, మూత్రంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది కనపడకుండా చేయవచ్చు. ఇక ఇవ్వకండి. ఇచ్చిన సంగతి దాచకండి కూడా. ఆ రెండు సీసాలనూ వెంట పట్టుకెళ్లి, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రోజుల్లో ఇచ్చారో డాక్టర్‌కు చెప్పండి. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చే అలవాటు కూడా మానుకోవాలి, బరువును బట్టి మోతాదు మారే వయసు ఇది.

నులిపురుగుల మాత్ర గురించి గ్రూపులో చెప్పారు కదా, ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఆల్బెండజోల్ ఇస్తారు. ఈ నొప్పికి అదే కారణమని అనుకుని ఆలస్యం చేయకండి. ఆరేళ్ల వయసు కాబట్టి డీపీటీ రెండో బూస్టర్ పడిందో లేదో టీకా కార్డులో చూసుకోండి. బడికి అలవాటు చేసే టానిక్ అంటూ ఏదీ లేదు. ఈ వయసుకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండింటికి పడుకోబెట్టి ఆరింటికి లేపితే ఏ పిల్లా పొద్దున ఉత్సాహంగా ఉండదు.

ఆదివారం నొప్పి లేదంటే నటిస్తోందని అర్థం కాదు. బెంగ వల్ల వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే. అయితే బెంగ అని తేల్చేసే ముందు బడిలో గానీ, ఆటోలో గానీ, బస్సులో గానీ ఎవరైనా కొడుతున్నారా, తాకకూడని చోట తాకుతున్నారా అని నెమ్మదిగా, ఒక్కసారి కాదు, రెండు మూడు రోజులు మాటల్లో పెట్టి కనుక్కోండి. పక్క తడపడం మళ్లీ మొదలవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. అటువంటిది ఏమైనా తెలిస్తే వెంటనే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయండి. పక్క తడిపినందుకు మాత్రం ఎవరి ముందూ ఆ మాట ఎత్తకండి, దుప్పటి మార్చి ఊరుకోండి.

నొప్పి కుడివైపు కిందకు జరిగినా, నిద్రలోంచి లేపేంతగా ఉన్నా, వాంతి ఆకుపచ్చగా అయినా, విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తుగా పడి ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా 108కి ఫోన్ చేయండి.

బడి మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. షుగర్, మూత్రం రిపోర్టులు రానివ్వండి, ఈలోగా టీచర్‌తో మాట్లాడి రెండో పీరియడ్ తర్వాత, భోజనం తర్వాత పాపను తోడుగా బాత్రూంకు పంపమని అడగండి. రెండు వారాల తర్వాత, ఆ నీళ్ల సీసా ఖాళీగా తిరిగి వస్తోందో లేదో కూడా చూసుకుని, నాకు మళ్లీ రాయండి.