డిగ్రీ విద్యార్థికి లాప్‌టాప్: హైదరాబాదులో ఎక్కడ కొనాలి, ఏది కొనాలి?

బీకాం చదివే మీ చెల్లెలికి లాప్‌టాప్ కావాలన్నారు. ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే. పక్కపక్కనే దుకాణాలు కాబట్టి ఒకే మోడల్‌కు నాలుగుచోట్ల ధర అడగవచ్చు. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూసి పెట్టుకుని బేరమాడండి. తేడా స్వల్పమైతే దుకాణమే నయం, తెర, కీబోర్డు స్వయంగా చూసుకోవచ్చు.

అకౌంటింగ్ పనికి, ఎక్సెల్‌కు ఐ5 లేదా రైజెన్ 5 ప్రాసెసర్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్కు) చాలు. గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు పోయకండి. ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు ప్రోగ్రాములు వాడుకునే మెమరీ) దగ్గర మాత్రం రాజీపడవద్దు. విండోస్ 11కు 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, కానీ అది కేవలం నడవడానికి. 16 జీబీ తీసుకోండి. బడ్జెట్ 8 జీబీ దగ్గరే ఆగితే, తర్వాత పెంచుకునే వీలుందో లేదో తప్పక చూడండి. చాలా పలుచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఇక మార్చలేరు. దుకాణంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ర్యామ్ అమర్చే స్లాట్లలో ఎన్ని వాడారో సాధారణంగా కనిపిస్తుంది.

బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోకండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఎప్పటినుంచి మొదలైందో చూశాకే డబ్బు చెల్లించండి.